రూపాయి బిళ్ళంత చేప తీసిన పరువు

మా తొట్టెలో చేపల గొడవ నిన్న రాత్రికి సద్దుమణిగింది. వేలి మీద గాటు ఇంకా మండుతోంది, ఆ మంట ఉండగానే రాసేస్తున్నాను.

మాది బరంపురం. ఇంట్లో నాలుగు వందల లీటర్ల ఉప్పునీటి తొట్టె పెట్టాను. గోపాల్‌పూర్ సముద్రం ఇంత దగ్గరుండగా ఉప్పు ప్యాకెట్లు కొని తెచ్చి నీళ్లలో కలపడమేమిటని నాన్న నవ్వారు. నవ్వనివ్వండి. వానాకాలంలో ఒడ్డు నీళ్లు ఎంత మట్టిగా ఉంటాయో ఆయనకూ తెలుసు. తొట్టె, ఫిల్టరు, మంచినీటితో పోలిస్తే సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు, ఇవన్నీ సులువుగానే కుదిరాయి.

నన్ను ముంచింది విశాఖలోని ఒక దుకాణదారు. ‘ముందు ఒక డామినో డామ్సెల్ చేపను వేయండి సార్, నీళ్లు కుదుటపడతాయి. తర్వాత ఏ చేపైనా వేసుకోవచ్చు’ అన్నాడు. బొగ్గులాంటి నలుపు, నుదుటి మీద ఒకటి, పక్కల చెరొకటి తెల్ల చుక్కలు. ముద్దొచ్చింది, తెచ్చాను. నీళ్లు కుదుటపడడమంటే చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషం, అమ్మోనియాను తినే బ్యాక్టీరియా పెరగడమే. దానికి చేపే అక్కర్లేదు, కుళ్లే రొయ్య ముక్క చాలునని తర్వాత తెలిసింది. తెలియనివాడికి చేప అమ్మడమే వాళ్ల వ్యాపారం.

ఆరు వారాల తర్వాత మూడంగుళాల నైజర్ ట్రిగ్గర్ అనే చేపను తెచ్చాను. ట్రిగ్గర్లు రౌడీలని విన్నాను కదా, నా భయమంతా అది డామ్సెల్‌ను ఏం చేస్తుందోననే. తెల్లారేసరికి ట్రిగ్గర్ తోక చీలికలై ఉంది. అది రాతి సందులో దూరి, వీపు ముల్లు నిక్కించి బిగుసుకుపోయింది. మేత వేసినా బయటికి రాదు. వస్తే రూపాయి బిళ్ళంత డామ్సెల్ తరిమి కొడుతుంది. ముందొచ్చింది కాబట్టి తొట్టె మొత్తం తన జాగీరన్న మాట. దుకాణానికి ఫోను చేస్తే ‘మీ చేప, మీ తొట్టె సార్, వెనక్కి తీసుకోం’ అన్నాడు.

డామ్సెల్‌ను పట్టుకుందామని ఆదివారం వల వేశాను. మా అత్తవారి తరఫు వాళ్లందరూ ఆ రోజే భోజనానికి వచ్చారు. వల కనబడితే చాలు, చేప మాయం. భుజం దాకా చెయ్యి పెడితే వేలు కొరికింది. నేను కెవ్వుమన్నాను, హాల్లో నవ్వులు. ఇక పంతం పట్టి రాళ్లన్నీ ఒక్కొక్కటిగా తీసి తొట్టె నీళ్లు పోసిన గంగాళాల్లో పెట్టాను. నీళ్లు సగానికి పైగా తోడేశాను. చొక్కా తడిసి ముద్దయింది, గచ్చు మీద ఉప్పునీళ్లు పారుతున్నాయి, తొట్టెలో ట్రిగ్గర్ తప్ప ఏమీ లేదు. ‘బావగారూ, అసలు కొన్నారా ఆ చేపను?’ అని మా బావమరిది. మీన్ మేనేజరు అని నాకు పేరు కూడా పెట్టాడు. గంట గడిచాక వాళ్ల ఎనిమిదేళ్ల పాప వంటింటి గుమ్మంలోని గంగాళంలోకి తొంగి చూసి ‘మావయ్యా, ఈ రాయికి కళ్లున్నాయి’ అంది. నా చేతులతో నేనే మోసుకెళ్లి అక్కడ పెట్టానన్న మాట!

ఆ తర్వాతంతా తేలిక. రాళ్లను పాత అమరిక గుర్తుపట్టలేనట్టు మార్చి పేర్చాను. ట్రిగ్గర్‌ను ముందు తిరగనిచ్చాను, దానికి తోడుగా ఫాక్స్‌ఫేస్ అనే చేపను తెచ్చాను. నాచు తినే సాధువే గానీ వీపు ముళ్లలో విషం ఉంటుంది, ఎవరూ జోలికి పోరు. మీరూ దాన్ని చేత్తో పట్టకండి. డామ్సెల్‌ను చిల్లుల డబ్బాలో పెట్టి అదే తొట్టెలో ఎనిమిది రోజులు వేలాడదీసి, నిన్న చివరగా వదిలాను. కాబట్టి పోట్లాడేదాన్ని ఎప్పుడూ ఆఖరున దించండి. ఒకే ఆకారం, ఒకే రంగు ఉన్నవి రెండు పెట్టకండి. ట్రిగ్గర్ ఉన్న చోట రొయ్యలూ నత్తలూ వద్దు, అవి దానికి మేతే. లయన్‌ఫిష్ తెచ్చుకుంటే దాని నోట్లో పట్టే చేప తొట్టెలో లేకుండా చూసుకోండి.

ట్రిగ్గర్ ఈ ఉదయం నడి నీళ్లలోకి వచ్చి మేత తింది. డామ్సెల్ మాత్రం ఫిల్టరు గొట్టం కింద జానెడు చోటు పట్టేసుకుంది. నా చెయ్యి అటు వెళ్తే ఇంకా మీదికి వస్తోంది.