కోట కంటే ముందు గుమ్మటాలు చూడండి

ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా చార్మినార్, గోల్కొండ చూపించి పంపడం మా ఇంట్లో ఏళ్లుగా సాగిన అలవాటు. ఈసారి కాకినాడ నుంచి వచ్చిన మా పిన్నినీ బాబాయినీ మాత్రం ఉదయాన్నే కుతుబ్ షాహీ సమాధుల దగ్గరికి తీసుకువెళ్లాను. కోట బంజారా దర్వాజాకు కిలోమీటరు దూరంలో ఉన్న ఈ చోటును నగరంలో అందరూ సెవెన్ టూంబ్స్ అంటారు గానీ, లోపల రాజుల సమాధులే కాక రాజకుటుంబీకులవీ, వైద్యులవీ సమాధులు, మసీదులు, మెట్ల బావులు, అంత్యక్రియలకు ముందు పార్థివదేహాలకు స్నానం చేయించిన హమామ్ కూడా ఉన్నాయి.

1591లో హైదరాబాద్‌ను నిర్మించిన మహమ్మద్ కులీ సమాధి సుమారు 42 మీటర్ల ఎత్తుతో అన్నిటినీ మించి కనిపిస్తుంది. అయినా నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది ఆయన తండ్రి ఇబ్రహీం సమాధి. ఒకప్పుడు ఈ కట్టడాలకు రంగురంగుల మెరుగు పెంకులు తాపడం చేసి ఉండేవనడానికి సాక్ష్యంగా ఆ గోడ మీద కొన్ని ముక్కలు ఇప్పటికీ అంటిపెట్టుకుని ఉన్నాయి. గోడకు దగ్గరగా నిలబడి చూస్తే నీలం, ఆకుపచ్చ రంగులు నాలుగు శతాబ్దాల ఎండావానలకు కూడా పూర్తిగా వెలిసిపోలేదని తెలుస్తుంది. ఆ పెంకులన్నీ నిలిచి ఉంటే ఈ గుమ్మటాలు ఎండలో ఎలా మెరిసేవో ఊహించుకుంటూ మా పిన్ని అక్కడే చాలాసేపు ఉండిపోయింది.

ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు 2013లో మొదలుపెట్టిన పునరుద్ధరణ పనులను మనసారా మెచ్చుకోవాలి. గత శతాబ్దపు మరమ్మతుల్లో పూసిన సిమెంటును ఓపికగా తొలగించి, పాత పద్ధతిలోనే సున్నపు గచ్చు వేశారు. సిమెంటు తేమను లోపలే బంధించి రాతిని దెబ్బతీస్తుంది; సున్నం ఆ తేమను బయటకు పోనిస్తుంది. వానలకు కొంత కూలిపోయిన బడీ బావిని కూడా మళ్లీ నిలబెట్టారు. గోల్కొండ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో పురస్కారం దక్కింది.

రాజ్యమేలిన వారిలో చివరివాడైన తానీషాకు ఇక్కడ చోటు దక్కలేదు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక ఆయన దౌలతాబాద్ చెరలోనే కన్నుమూశాడు.

సాయంత్రం కోట ఎక్కి బాలా హిస్సార్ మీద నిలబడినప్పుడు, ఉత్తరాన కనిపించే గుమ్మటాల్లో ఏది తండ్రిదో ఏది కొడుకుదో మా బాబాయి వేలు చూపించి మరీ పిన్నికి చెప్పాడు.