కంచెకు నొప్పి పదికి ఎంత? – లివర్‌పూల్‌లో నా ఇంప్రావ్ అనుభవం

నైట్ డ్యూటీలు చేసేవాళ్లకు తెలిసినంతగా బ్రిటన్ పగటి టీవీ ఇంకెవరికీ తెలియదు. పొద్దున ఇల్లు చేరి, కర్టెన్లు మూసుకుని పడుకుంటే నిద్ర సరిపోకుండానే మెలకువ వచ్చేస్తుంది. టీవీ పెడితే ఒక పొడవాటి సోఫా, దాని మీద ఇద్దరు యాంకర్లు, పక్కన కళ్లు తుడుచుకుంటున్న ఒకావిడ. ఆవిడ కథ అయిందో లేదో, అదే స్టూడియోలో ఓ మూలనున్న వంటగదిలో ఎవరో పాస్తా ఉడకబెడుతుంటారు. పన్నెండున్నరకు ‘లూజ్ విమెన్’ మొదలవుతుంది. నలుగురు ఆడవాళ్లు బల్ల ముందు కూర్చుని మొగుళ్ల గురక నుంచి రాజకుటుంబం దాకా దేన్నీ వదలరు. 1999 నుంచి అలా మాట్లాడుతూనే ఉన్నారు.

నేను లివర్‌పూల్‌లో స్టాఫ్ నర్సుని. డే డ్యూటీ పడినా ఈ ప్రోగ్రాములు నన్ను వదలవు, వార్డులో టీవీ మోగుతూనే ఉంటుంది. మా పేషెంట్లలో పెద్దవాళ్లకు యాంకర్ల పెళ్లిళ్లు, విడాకులు అన్నీ నోటికి వచ్చు. అందులోనూ ఇది లివర్‌పూల్ కదా. ఐటీవీ ఛానల్ వాళ్ల ‘దిస్ మార్నింగ్’ షో 1988 అక్టోబరు 3న మొదలైంది ఇక్కడి ఆల్బర్ట్ డాక్ అనే పాత ఓడరేవు నుంచే. రిచర్డ్ మాడ్లీ, జూడీ ఫినిగన్ అనే భార్యాభర్తలు యాంకర్లు. డాక్ నీళ్లలో బ్రిటన్ మ్యాపు ఒకటి తేలుతుండేది. వాతావరణం చెప్పే మనిషి దాని మీద అటూ ఇటూ గెంతుతూ ఎక్కడ వాన పడుతుందో చెప్పేవాడు. ఐర్లాండ్ వైపు దూకేటప్పుడు నీళ్లలో పడతాడేమో చూద్దామని టీవీ పెట్టేవాళ్లమని ఒక పెద్దావిడ నాతో అంది. 1996లో ప్రోగ్రాం లండన్‌కు వెళ్లిపోయింది. ఆ సంగతి ఎత్తితే ఆవిడ ముఖం ఇప్పటికీ మారిపోతుంది.

మా ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి ఒకరోజు, ‘‘సాయంత్రం ఇంప్రావ్ క్లాసులున్నాయి, టర్మ్ చివర టాక్ షోలకు పేరడీగా మేమే ఒక షో వేస్తాం, వస్తావా?’’ అంటే వెంటనే ఊ అన్నాను. మావారు మాత్రం, ‘‘ఇంట్లో ఊరికే మాట్లాడుతున్నావుగా, దానికి ఫీజు కూడా కట్టాలా?’’ అన్నారు. అసలు యుద్ధం రోటాతో, అంటే డ్యూటీల పట్టికతో. వారానికి ఒక సాయంత్రం ఖాళీ దొరకాలంటే అందరూ వద్దనుకునే వీకెండ్ షిఫ్టులు నేను తీసుకోవాల్సి వచ్చింది.

క్లాసు ఒక పబ్ పై అంతస్తులోని గదిలో. కార్పెట్ నిండా బీరు వాసన, మూల విరిగిన పియానో. ఇంప్రావ్ అంటే ఇంప్రొవైజేషన్, స్క్రిప్టు అంటూ ఏమీ ఉండదు. ప్రేక్షకులు ఏదో ఒక మాట అందిస్తారు, దాని మీద అప్పటికప్పుడు సీన్ కట్టాలి. మొదటిరోజు టీచర్ చెప్పిన ఒక సంగతి నాకు భలే నచ్చింది. 1968లో థియేటర్స్ యాక్ట్ వచ్చేదాకా బ్రిటన్‌లో నాటకం వేయాలంటే స్క్రిప్టును లార్డ్ చాంబర్లిన్ అనే రాజకుటుంబ అధికారి ఆఫీసుకు పంపి అనుమతి తెచ్చుకోవాలి. స్క్రిప్టే లేనిదానికి అనుమతి ఎలా ఇస్తారు? అందుకని కీత్ జాన్‌స్టన్ అనే నాటక దర్శకుడు 1960లలో తన బృందంతో చేసేదాన్ని నాటకం అనకుండా, ఇది క్లాసు, డెమాన్‌స్ట్రేషన్ అని చెప్పి నెట్టుకొచ్చాడు. నవ్వించడానికి కూడా సర్కారు ముద్ర కావాల్సిన రోజులన్నమాట. ఆయన తర్వాత కెనడా వెళ్లి స్థిరపడ్డాడు. ‘కామెడీ స్టోర్ ప్లేయర్స్’ అనే ఇంప్రావ్ బృందం లండన్‌లో మొదలైంది 1985లో. ఇప్పుడు పబ్బుల పై గదుల్లో మాలాంటివాళ్లు చేసే పనికి వెనక ఇంత కథ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

జాన్‌స్టన్ బాగా నొక్కి చెప్పింది స్టేటస్ గురించి. ఇద్దరు మనుషులు కలిస్తే ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్నది మాటల్లో కంటే కూర్చునే తీరులో, చూపులో తెలిసిపోతుందని. మా చేత పేకముక్కలతో ఒక ఆట ఆడించారు. ముక్కను చూడకుండా నుదుటికి ఆనించుకోవాలి. ఎదుటివాళ్లు మనతో మసలే తీరును బట్టి మనం రాజో రెండో కనిపెట్టాలి. ఇందులో నన్ను ఓడించడం కష్టమైంది. మన పెళ్లిళ్లలో భోజనాల దగ్గర ఎవరు లేచి ఎవరికి కుర్చీ ఇచ్చారో చూస్తూ పెరిగినవాళ్లకు ఇదేం లెక్క! పైగా పెద్ద డాక్టరు, అదే కన్సల్టెంట్, రౌండ్స్‌కు వచ్చినప్పుడు వార్డు మొత్తం వెన్నెముక సర్దుకోవడం నేను రోజూ చూసేదే.

కష్టమంతా ‘యస్, అండ్’ దగ్గర. పార్ట్‌నర్ ఏమన్నా ఒప్పుకోవాలి, ఒప్పుకుని దానికి ఇంకొకటి కలపాలి. ‘మన పడవ మునుగుతోంది’ అంటే ‘ఇది పడవ కాదు, బస్సు’ అనకూడదు. దాన్ని బ్లాక్ చేయడం అంటారు. వినడానికి తేలికే. కానీ మా ఇంట్లో మాటకు మాట అప్పజెప్పడమే తెలివి, ఎదుటివాడి నోరు మూయించే కౌంటర్ పడితేనే చప్పట్లు. చిన్నప్పుడు నెల్లూరులో నాన్న అష్టావధానాలకు తీసుకెళ్లేవారు. సమస్యలు, దత్తపదులు నాకు అర్థమయ్యేవి కావు గానీ అప్రస్తుత ప్రసంగం కోసం కాచుకుని కూర్చునేదాన్ని. అవధాని పద్యం పాదం పట్టుకుని ఉంటే పృచ్ఛకుడు మధ్యలో దూరి ‘అవధానిగారూ, మీ ఇంట్లో ఈరోజు కూరేంటి?’ అన్నట్టు ఏదో అడుగుతాడు. ఆయన ఠక్కున ఒక చమత్కారం విసిరి మళ్లీ పద్యంలోకి వెళ్లిపోతాడు. అదీ అప్పటికప్పుడు పుట్టేదే, స్క్రిప్టు లేదు. కాకపోతే అక్కడ పృచ్ఛకుడి పని అవధాని తడబడేలా చేయడం. ఇక్కడ పార్ట్‌నర్ తడబడితే సీన్ మొత్తం పోయినట్టే, కాబట్టి వాళ్లను బాగా కనిపించేలా చేయడమే నా పని. జన్మతః వచ్చిన కౌంటర్ బుద్ధిని జోబులో పెట్టుకోవడానికి టర్మ్‌లో చాలా భాగం పట్టింది.

ఇక టాక్ షో. నిజానికి ఈ ప్రోగ్రాముల్లో యాంకరే అప్రస్తుత ప్రసంగి. కేన్సర్ నుంచి కోలుకున్నావిడతో మాట్లాడి, ఊపిరి తీసుకోకుండా ‘‘బ్రేక్ తర్వాత, పది పౌండ్లలో వేసవి చెప్పులు!’’ అంటాడు. నవ్వంతా ఆ మలుపులో ఉంది. మా టీచర్ దాన్ని ముక్కలు ముక్కలుగా ప్రాక్టీస్ చేయించారు. ముందు తల కొంచెం పక్కకు వంచాలి, కనుబొమలు కలపాలి, గెస్ట్ మోకాలి దాకా చెయ్యి వెళ్లాలి గానీ తాకకూడదు. ‘‘మీకు అప్పుడు ఎలా అనిపించింది?’’ అనాలి. తర్వాత ఒక్క క్షణం ఆగి, మెడ నిలబెట్టి, రెండో కెమెరా వైపు పళ్లన్నీ కనపడేలా నవ్వాలి. జాలికీ నవ్వుకీ మధ్య ఎంత తక్కువ ఖాళీ ఉంటే అంత పేలుతుంది.

పోటీ ప్రశ్న కూడా ఉండాల్సిందే. ‘ఫ్రాన్స్ రాజధాని ఏది? ఎ) ప్యారిస్, బి) పాస్తా, సి) పారాసెటమాల్’ అన్న స్థాయిలో అడుగుతారు. ప్రశ్న ఎంత తేలికైతే ఫోన్లు అన్ని వస్తాయి, కాల్‌కు డబ్బులు కదా. 2007లో ఈ ఫోన్ పోటీల బాగోతం బయటపడి జీఎంటీవీ అనే పొద్దుటి టీవీ సంస్థకు ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 20 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. గెలిచేవాళ్లను ముందే ఎంచేసుకున్నాక కూడా జనం చేత ఫోన్లు చేయించుకున్నారు. ఇంత నిజం ముందు పేరడీ ఏం సరిపోతుంది!

టీచర్ ఒక్క గీత మాత్రం గట్టిగా గీశారు. సోఫా మీదకొచ్చిన గెస్ట్‌ను ఎగతాళి చేయకూడదు, ప్రోగ్రాంనే చేయాలి. 2005 నుంచి ఐటీవీలో ‘జెరెమీ కైల్ షో’ అని నడిచింది. కొట్లాడుకునే కుటుంబాలను కూర్చోబెట్టి, లై డిటెక్టర్ ఫలితాలు చదివి వినిపించేవాళ్లు. అందులో పాల్గొన్న ఒకాయన చనిపోయాక 2019లో ఆపేశారు. మా బ్యాచ్‌లో ఒకరు ఆ షో పేరడీ చేద్దామన్నారు, టీచర్ ఒప్పుకోలేదు. నాకు అది సబబే అనిపించింది. ఉన్నదే ఎగతాళి అయినప్పుడు దానికి మళ్లీ ఎగతాళి ఎందుకు?

నా వేషం ఏమిటన్నది ఇంకో చర్చ. ఇండియన్ బామ్మగా చెయ్యమని ఒకరిద్దరు సూచించారు. ఆ పని బ్రిటిష్ నటి మీరా సయాల్ ‘ది కుమార్స్ ఎట్ నంబర్ 42’ అనే కామెడీ షోలో 2001లోనే చేసేసింది, అదీ నలభై ఏళ్ల వయసులో. (ఆ షోలో మనవడిగా వేసిన సంజీవ్ భాస్కర్‌ను 2005లో పెళ్లి చేసుకుంది కూడా.) ఆవిడ తర్వాత నేను ఆ చీర కట్టుకుని చేసేదేముంది? నాకు ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేని గొంతు ఒకటుంది, నర్సు గొంతు. ఫోన్‌లో మాట్లాడే ఎక్స్‌పర్ట్‌గా వేస్తానన్నాను.

షో రోజు గది నిండిపోయింది. యాంకర్ వేసినామె ప్రేక్షకులను ‘‘ఈ వారం మీ వీధిలో జరిగిన గొడవ ఒకటి చెప్పండి’’ అని అడిగింది. వెనక వరసలోంచి ఒకాయన ‘‘పక్కింటివాళ్ల కంచె!’’ అని అరిచాడు. ఇళ్ల మధ్య గుబురుగా పెంచే మొక్కల కంచె అన్నమాట. దీని గురించి ఈ దేశంలో 2003లో చట్టమే చేశారు. ఏడాది పొడవునా పచ్చగా ఉండే కంచె రెండు మీటర్లు దాటి పెరిగి ఇబ్బంది పెడితే కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

గెస్ట్‌గా వచ్చినతను తన కంచె పక్కింటి కంచెను ప్రేమించిందని మొదలుపెట్టాడు. మా బ్యాచ్‌లో పొడుగాటి కుర్రాడొకడు లేచి, చేతులు చాపి, ఏమీ చెప్పకుండానే కంచె అయిపోయాడు. యాంకర్ తల వంచింది. ‘‘మీకు ఎప్పుడు తెలిసింది?’’ ‘‘మార్చిలో. కొమ్మలన్నీ అటే తిరిగాయి.’’ రెండో యాంకర్ కెమెరా వైపు తిరిగి, ‘‘ఇది ఇంట్లో చూస్తున్న చాలామందికి తెలిసిన బాధే’’ అన్నాడు. అప్పుడు నన్ను లైన్లోకి పిలిచారు.

ఇంప్రావ్‌లో ఫోన్ అంటే బొటనవేలు, చిటికెనవేలు చాచడం కాదు. చేతిలో నిజంగా రిసీవర్ ఉన్నట్టు దాని మందం మిగిల్చి వేళ్లు ముడవాలి. అలా పట్టుకుని, నైట్ డ్యూటీలో పేషెంట్‌తో మాట్లాడే గొంతుతోనే అడిగాను: ‘‘కంచె పక్కనే ఉందా? ఒకసారి ఫోన్ ఇస్తారా?’’ గెస్ట్ రిసీవర్‌ను ఆకుల దగ్గర పెట్టాడు.

‘‘నొప్పి పదికి ఎంత? సున్నా అంటే అసలు లేదు, పది అంటే భరించలేనంత.’’

కుర్రాడు కాసేపు ఆలోచించాడు. ‘‘ఏడు. గాలి వీస్తే ఎనిమిది.’’

‘‘నీళ్లు తాగుతున్నావా?’’

‘‘వాన పడితే.’’

‘‘ఏవైనా ఎలర్జీలున్నాయా?’’

‘‘కత్తెర.’’

గది గోల గోల అయిపోయింది. నేను నవ్వలేదు. నిజానికి నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అడ్మిషన్ ఫారంలో తర్వాతి ప్రశ్న ఏమిటా అని ఆలోచిస్తున్నాను. ఇంట్లో తోడు ఎవరున్నారని అడిగేలోపు యాంకర్ మెడ నిలబెట్టింది. ‘‘ఎంత ధైర్యంగా మాట్లాడావు! బ్రేక్ తర్వాత, మీ పెరట్లోని ఆకులతోనే పది నిమిషాల్లో పెస్టో సాస్!’’ కంచె నిలువునా వణికింది. ఆ సాయంత్రం అన్నిటికంటే పెద్ద నవ్వు ఆ వణుకుకే వచ్చింది. దాని కోసమే నేను ప్రశ్నలు పేర్చానని చూసినవాళ్లు అనుకున్నారు గానీ ముందే అనుకున్నది ఒక్కటీ లేదు. వంట ఎక్స్‌పర్ట్‌గా వచ్చినామె కంచె ముందే ఆకులు తుంచడం మొదలుపెట్టింది, గెస్ట్ ఏడుస్తూనే చీజ్ తురిమాడు.

షో అయ్యాక టీచర్ ఒక్కొక్కరికీ నోట్స్ ఇచ్చారు. వంట సీన్ సాగిందని, పోటీ ప్రశ్నకు ప్రేక్షకుల్లోంచి వచ్చిన జవాబును వాడుకోకుండా వదిలేశారని చెప్పారు. నా యాస గురించి ఒక్క మాటా రాలేదు. మూడో వరసలో కూర్చున్న మావారు ఇంటికి వెళ్లేటప్పుడు కార్లో, ‘‘ఆ కంచె అబ్బాయికి పెళ్లయిందా?’’ అని మాత్రం అడిగారు. నెల్లూరులో ఎవరికో సంబంధం చూస్తున్నారట.

వచ్చే టర్మ్‌లో నన్ను యాంకర్ సోఫా మీద కూర్చోబెడతానన్నారు. అందుకని బాత్రూం అద్దం ముందు తల వంచడం ప్రాక్టీస్ చేస్తున్నాను. ఎంత వంచితే జాలిగా కనిపిస్తుంది, ఎంత వంచితే మెడ పట్టేసినట్టు ఉంటుంది అన్నది ఇంకా తేలలేదు.