ఇంటి స్థలం కొనేముందు మేం చూసుకున్నవి

స్థలం వెతుకుతున్నామని తెలియగానే అందరూ చెప్పిన మాట ఒకటే: కాగితాలు జాగ్రత్త. నిజమే. కానీ కాగితాలన్నీ సక్రమంగా ఉన్న స్థలం కూడా ఇల్లు కట్టడానికి పనికిరాకపోవచ్చు. ఆ సంగతి నాకు గొయ్యి తవ్వించాకే బాగా అర్థమైంది.

ముందు కాగితాల గురించే చెబుతాను. అమ్మేవాళ్లకి ఆ స్థలం ఎవరి నుంచి, ఎలా వచ్చింది, దానిమీద తనఖా గానీ కోర్టు కేసు గానీ ఉందా అన్నవి లాయర్ చూశారు. బాగా నచ్చిన ఒక స్థలం అన్నదమ్ములకి, వాళ్ల చెల్లెలికి కలిపి వచ్చింది. చెల్లెలి సంతకం ఎక్కడా లేదు. "ఆవిడ ఏమీ అడగదండీ" అన్నారు. అయితే ఆ మాటే రాసి సంతకం పెట్టించండి అన్నాం. మళ్లీ ఫోన్ రాలేదు.

కొలతల విషయంలో చాలామంది నాలుగు వైపులా టేపు పట్టి ఊరుకుంటారు. అది చాలదు. ఒక స్థలం 12 మీటర్లు, 18 మీటర్లు అనుకుందాం. మూలలు సరిగ్గా ఉంటే 216 చదరపు మీటర్లు వస్తుంది. అదే స్థలం పక్కకి ఒరిగి, మూల 70 డిగ్రీలు అయిందంటే నాలుగు వైపుల కొలతలూ అవే ఉంటాయి, విస్తీర్ణం మాత్రం 203కి పడిపోతుంది. అందుకే ఎదురెదురు మూలల మధ్య కూడా కొలవాలి. ఆ రెండు కొలతలూ సమానంగా, ఈ లెక్కలో దాదాపు 21.63 మీటర్లు రావాలి. మేం సర్వేయర్‌తో కొలిపించి, కాగితంలోని హద్దులతో సరిపోల్చాం.

ఇక నేల. ఒకచోట చదునుగా, చూడముచ్చటగా ఉన్న స్థలంలో యజమాని అనుమతితో గొయ్యి తీయించాం. పైన గ్రావెల్, దాని కింద ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ సంచులు, మెత్తటి బురద. పల్లాన్ని పూడ్చేసి చదును చేశారన్నమాట. అలాంటి నేల ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కుంగుతుంది, గోడలు పగులుతాయి. నల్లరేగడిది ఇంకో తీరు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. దానిమీద కట్టకూడదని కాదు, పునాది దానికి తగ్గట్టు వేయాలి.

చివరికి ఎంచుకున్న స్థలంలో అడ్వాన్స్ ఇచ్చేముందే మట్టి పరీక్ష చేయించాం. 63.5 కిలోల సుత్తిని 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ గొట్టాన్ని నేలలోకి దింపుతారు. మొదటి 15 సెంటీమీటర్ల దెబ్బలు వదిలేసి, తర్వాతి 30 సెంటీమీటర్లకి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. ఎంత ఎక్కువ పడితే నేల అంత గట్టిదని లెక్క. పక్కన నిలబడి చూస్తుంటే నాకు భలే ధైర్యం వచ్చింది.

పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్లి మళ్లీ చూడండి, ఇది మాత్రం వదలొద్దు. నీళ్లు ఎటు పోతున్నాయి, రోడ్డు స్థలం కంటే మెరకగా ఉందా, పక్కవాళ్ల గోడలమీద నీటి చారలు ఎంత ఎత్తున ఉన్నాయి అన్నవి అప్పుడే తెలుస్తాయి. ఇరుగుపొరుగుని అడిగితే బోరు లోతు, వేసవిలో నీళ్ల సంగతి దాచకుండా చెబుతారు.

దారి విషయం కూడా అంతే. నడుస్తున్న దారి వేరు, కాగితంలో రాసున్న దారి వేరు. సామాను లారీ లోపలికి తిరుగుతుందా, పైనుంచి హైటెన్షన్ వైర్లు పోతున్నాయా చూడాలి. రూల్స్ ప్రకారం చుట్టూ వదలాల్సిన జాగా పోగా ఇంటికి ఎంత మిగులుతుందో ప్లాన్ గీసే ఇంజనీర్‌తో ముందే లెక్క వేయించుకున్నాం.

మట్టి రిపోర్టు చూసి ఆయన పునాది ఇంకాస్త లోతుగా వెళ్లాలన్నారు. ఆ అదనపు ఖర్చు బేరం దగ్గర ముందు పెడితే అమ్మేవాళ్లు ధర కొంత తగ్గించారు. రిజిస్ట్రేషన్‌కి ముందురోజు పక్క స్థలాలవాళ్లని పిలిచి, వాళ్లెదుటే మరోసారి కొలిచి హద్దురాళ్లు పాతించాం.