గొంతు లేని ఆరు వారాలు

థైరాయిడ్ గ్రంథి తీసేసి ఈ రోజుకి పదకొండు వారాలు. గొంతు ముప్పావు వంతు తిరిగొచ్చింది. మామూలుగా మాట్లాడగలుగుతున్నాను, ఫోన్‌లో అవతలివాళ్ళు "ఏమిటీ?" అని మళ్ళీ మళ్ళీ అడగడం తగ్గింది, కానీ మేడ మీద ఉన్న పిల్లల్ని కింద నుంచి కేకేసి పిలవడం మాత్రం ఇంకా రావట్లేదు. వీటిలో మొదటి ఆరు వారాలు దాదాపు మాట లేకుండానే గడిచాయి. వాటి గురించే రాయాలనుంది. పన్నెండేళ్ళుగా ఈ పరాయి దేశంలో పిల్లలకు తెలుగు నేర్పుతున్నాననుకుంటూ వచ్చాను. మా ఇంట్లో తెలుగు అంటే అచ్చంగా నా గొంతేనని, అది ఆగితే ఇంట్లో తెలుగు కూడా ఆగిపోతుందని ఆ ఆరు వారాల్లోనే తెలిసింది.

పాపకు పద్నాలుగేళ్ళు, బాబుకు ఎనిమిది.

జబ్బు సంగతి కొంచెం చెప్పాలి. థైరాయిడ్ మెడ ముందు భాగంలో, సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది, బరువు 20 గ్రాములకు అటూ ఇటూ. నాకు రెండు రెక్కల్లోనూ గడ్డలు, పెద్దది 4 సెంటీమీటర్లు దాటింది. సూదితో తీసి చేసిన పరీక్షలో క్యాన్సర్ అనీ తేల్చలేదు, కాదనీ తేల్చలేదు. మొత్తం తీసేయడమే మంచిదన్నారు. తీశాక చేసిన పరీక్షలో క్యాన్సర్ కాదని పదో రోజున తెలిసింది. చదివేవాళ్ళకు టెన్షన్ ఎందుకని ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మాకు మాత్రం ఆ పది రోజులు పది నెలల్లా గడిచాయి.

మా ఇంట్లో పెద్దవాళ్ళ జబ్బులు పిల్లల చెవిన పడనిచ్చేవారు కాదు. నాకు పదకొండేళ్ళప్పుడు మా నాన్నకు ఆపరేషన్ అయితే "పని మీద వెళ్ళారు" అన్నారు, నేను నమ్మాను, ఆయన తిరిగొచ్చి చొక్కా మార్చుకుంటున్నప్పుడు పొట్ట మీద కుట్లు చూసి భయంతో బిగుసుకుపోయాను. ఇక్కడ నా పిల్లలు అలా పెరగలేదు. ఏదైనా సూటిగా అడుగుతారు, సూటిగా జవాబు వస్తుందనుకుంటారు. నేను గడ్డ అనగానే పాప "క్యాన్సరా?" అని అడిగేసింది. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెప్పి, "అమ్మమ్మకు మాత్రం ఇప్పుడే చెప్పకండి, అయిపోయాక నేను చెప్తాను" అన్నాను.

"అమ్మమ్మ అడిగితే అబద్ధం చెప్పాలా?" అన్నాడు బాబు.

"అడగదులే."

"అడుగుతుంది. ఎప్పుడూ అమ్మ ఎలా ఉంది అనే కదా అడుగుతుంది."

వాడికేం చెప్పాలో తెలియలేదు. ఇంత దూరంలో ఉన్నాం, వచ్చి చూడలేరు, రాత్రంతా నిద్రపోకుండా కూర్చుంటారు, అందుకని దాచడం నా వరకు ప్రేమ. వాడి వరకు అది అబద్ధం. నేను పుట్టి పెరిగిన పద్ధతిలో మొదటిది సరైనదే, వాడు పెరుగుతున్న పద్ధతిలో రెండోది సరైనదే, ఏది ఎక్కువ అని నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కానీ వాడి చేత అబద్ధం చెప్పించడం మాత్రం నా వల్ల కాలేదు. ఆ రాత్రే అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నీకు తెలిసి ఎన్నాళ్ళయింది?" అంది. మూడు వారాలన్నాను. "మూడు వారాలు ఒక్కదానివే మోశావా" అంది. అంతకంటే ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆపరేషన్‌కు ముందు సర్జన్ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. థైరాయిడ్ వెనకాలే, శ్వాసనాళానికి అన్నవాహికకు మధ్య ఉన్న సందులోంచి, చెరో వైపు ఒక నరం స్వరపేటికకు వెళ్తుంది. ఎడమవైపు నరం దారి వింతగా ఉంటుంది. మెదడు దగ్గర నుంచి గొంతు పక్కగా కిందికి దిగి, గొంతులో ఆగకుండా ఛాతీలోకి వెళ్ళి, గుండె పైనున్న పెద్ద రక్తనాళం చుట్టూ తిరిగి, మళ్ళీ పైకి వచ్చి గొంతును చేరుతుంది. పాప నాతో వచ్చింది, "గొంతు దారిలోనే ఉంది కదా, అంత దూరం వెళ్ళి రావడం ఎందుకు?" అని అడిగింది. గర్భంలో శరీరం తయారయ్యేటప్పుడు గుండె కిందికి దిగుతూ ఆ నరాన్ని కూడా లాక్కెళ్తుందని ఆయన ఓపిగ్గా చెప్పారు.

ఆ ఎడమవైపు నరమే కమిలింది. తెగలేదు. స్పృహ వచ్చాక మాట్లాడబోతే గాలి వచ్చింది, మాట రాలేదు. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూస్తే ఎడమ స్వరతంత్రి కదలడం లేదు. చాలామందికి వారాల్లోనో కొద్ది నెలల్లోనో తిరిగొస్తుందన్నారు. గుసగుసలాడొద్దు, అది గొంతుకు ఇంకా శ్రమ, అవసరమైతే ఒకటి రెండు మాటలు మెల్లగా మామూలు గొంతుతోనే అనండి అని కూడా చెప్పారు. నేను అప్పటిదాకా గుసగుస అంటే గొంతుకు విశ్రాంతి అనుకున్నాను.

ఇంటికొచ్చాక మూడో రాత్రి. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. ఒంటిగంటప్పుడు మెలకువ వచ్చింది, పెదాల చుట్టూ ఏదో పాకుతున్నట్టుంది, వేళ్ళ చివర్లు కూడా, చెయ్యి కొంచెం కొంకర్లు పోతోంది. పాపను తట్టి లేపి, గాలిలాంటి గొంతుతో "పెదాల దగ్గర చీమలు పాకినట్టుంది" అన్నాను. అది నిద్రమత్తులో నా మొహం మీద ఫోన్ లైటు వేసి చీమల కోసం వెతికింది. నేను చెయ్యి చూపించాక అర్థమై, హాస్పిటల్ వాళ్ళిచ్చిన నంబరుకు ఫోన్ చేసింది. ఈ బాధను ఇంగ్లీషులో గుండుసూదులతో చెప్తారు, మనం చీమలతో చెప్తాం. అది ఒక్క క్షణం ఆగి, నా చీమల్ని వాళ్ళ సూదులుగా మార్చి చెప్పింది. నర్సు వెంటనే వచ్చేయమంది.

కాల్షియం పడిపోయింది. థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి, పారాథైరాయిడ్ అంటారు, పేరు కలిసినా పని వేరు, ఒంట్లో కాల్షియం లెక్క చూసేది అవే. ఆపరేషన్ ధాటికి అవి కొన్నాళ్ళు నిద్రపోతాయి, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు ఈ ఇబ్బంది రావచ్చు. సెలైన్‌లో కాల్షియం ఎక్కించారు, మాత్రలు పెంచారు, తెల్లారేసరికి చీమలు పోయాయి. ఎవరికైనా ఈ ఆపరేషన్ అయి పెదాల దగ్గర ఇలా అనిపిస్తే తెల్లారనీ అని ఊరుకోవద్దు, వెంటనే ఫోన్ చేయండి. ఇది గట్టిగా చెప్పాలనే ఇంత వివరంగా రాశాను.

పిల్లల చేత పెద్దవాళ్ళ వైద్యం మాట్లాడించకూడదని నాకు గట్టి పట్టుదల ఉండేది, వాళ్ళు మోయాల్సిన బరువు కాదది, అందుకే కదా ఆసుపత్రుల్లో దుబాసీలను పెడతారు. ఆ రాత్రి నా పట్టుదల నిలవలేదు, దానికి బాధగానే ఉంది. కానీ రెండు రోజుల తర్వాత పాప నా పక్కన కూర్చుని, "ఆ చీమల దానికి తెలుగులో ఒక్క మాట ఉందా?" అని అడిగింది. తిమ్మిరి అని రాసి చూపించాను, పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో కూడా. నొప్పులకు ఇంకా ఏమేం మాటలున్నాయని అడిగింది. సలుపు, పోటు, మంట, తీపు, కలుక్కుమనడం. సలుపు అంటే ఎలా ఉంటుందో చెప్పడానికి అరగంట పట్టింది, బొమ్మలు వేశాను, చేతిని పట్టుకుని ఆగి ఆగి నొక్కి చూపించాను. రెండేళ్ళలో అది తనంతట తాను ఒక తెలుగు మాట అడగడం అదే మొదలు.

బాబుతో పలక మీద రాతలు. మొదట తొందరకు ఇంగ్లీషులోనే రాసేదాన్ని, తర్వాత కావాలనే తెలుగులో మొదలుపెట్టాను. రా. తిను. మాత్ర. నీళ్ళు. పడుకో. వాడు వారానికోసారి తెలుగు బడికి వెళ్తాడు, వర్ణమాల గడగడా అప్పజెప్తాడు, కానీ ఆ అక్షరాలతో వాడికి ఎప్పుడూ పని పడలేదు. ఇప్పుడు పడింది. "మాత్ర" అని చదివితేనే అమ్మకు మాత్ర అందుతుంది. మూడో వారానికి నేను రాయడం పూర్తికాకుండానే చదివేసి పరిగెత్తేవాడు.

మాత్రల లెక్కంతా వాడే చూశాడు. థైరాక్సిన్, అంటే తీసేసిన గ్రంథి చేసే హార్మోన్‌కు బదులు వేసుకునే మాత్ర, పొద్దున్నే పరగడుపున నీళ్ళతో, తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట దాకా ఏమీ తినకూడదు, కాల్షియంకు దానికి నాలుగు గంటల ఎడం ఉండాలి. గ్రంథి లేకుండా నేను బతుకుతానా అని వాడికి లోపల పెద్ద భయం ఉందని నాకు తెలియలేదు, వాళ్ళక్కకు తెలిసింది. అదే వాడికి చదివి చెప్పింది, 1891లో జార్జ్ మర్రే అనే ఇంగ్లండ్ డాక్టరు థైరాయిడ్ పనిచేయని ఒకావిడకు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసం సూదితో ఎక్కిస్తే ఆవిడ మరో 28 ఏళ్ళు బతికిందని, ఇప్పుడు గొర్రె అక్కర్లేదు, అమ్మకు చిన్న మాత్ర చాలని. వాడు వేళ్ళ మీద లెక్కపెట్టి, "అప్పటికి నాకు 36" అన్నాడు. నేను పక్కకు తిరిగి పడుకున్నాను.

ఇక అమ్మమ్మ ఫోన్లు. ఇదివరకు పిల్లలిద్దరూ "హాయ్ అమ్మమ్మా" అని ఫోన్ నా చేతిలో పెట్టేసేవాళ్ళు. నేనే మధ్యలో ఉండి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసేదాన్ని, వాళ్ళ తరఫున నేనే జవాబులు చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. మొదటి వారం బాబు ఫోన్ పట్టుకుని, "అమ్మమ్మా, అమ్మ మాట్లాడడు" అన్నాడు.

మామూలుగా అయితే నేను అక్కడే ఆపేసేదాన్ని. మాట్లాడడు కాదు, మాట్లాడదు అను, మళ్ళీ చెప్పు. అప్పుడు వాడు మళ్ళీ చెప్పి, ఇక అంతటితో ఊరుకునేవాడు. ఆ రోజు ఆపడానికి గొంతు లేదు. వాడు ఆగలేదు.

"అమ్మ మాట్లాడట్లేదా నాన్నా?" అంది అమ్మ.

"మాట్లాడట్లేదు. గొంతు పడుకుంది."

"పడుకుందా? ఎప్పుడు లేస్తుందట?"

"డాక్టర్ చెప్పలేదు. నేను మాత్ర ఇస్తున్నాను."

పదకొండు నిమిషాలు మాట్లాడుకున్నారు. అక్క వచ్చాడు, నాన్న వెళ్ళింది, సగం మాటలు ఇంగ్లీషు, అయినా అమ్మకు అన్నీ అర్థమయ్యాయి. అమ్మ ఒక్కసారి కూడా తప్పు అనలేదు. వాడు తప్పుగా అన్నదాన్నే సరైన రూపంలో తన ప్రశ్నలో పెట్టి తిరిగిచ్చింది, అంతే. వాడు "మాట్లాడట్లేదు" అని సరిగ్గా అన్నది అలాగే. చిన్నప్పుడు నాకూ అమ్మ ఇలాగే నేర్పి ఉంటుంది, నన్ను కూర్చోబెట్టి దిద్దినట్టు ఒక్క జ్ఞాపకం లేదు. మరి నేనెందుకు ప్రతి వాక్యాన్నీ పరీక్ష చేశాను? భయం వల్లేనని ఇప్పుడనిపిస్తోంది. అక్కడైతే నలుగురి నోటా వింటారు, ఇక్కడ నేనొక్కదాన్నే, నా దగ్గర తప్పు దాటిపోతే ఇక ఎవరూ దిద్దరన్న భయం.

పాపను పలక మీద రాసి అడిగాను, నువ్వు నాతో తెలుగులో ఎందుకు మొదలుపెట్టవు అని. "దిద్దుతావు కదా. నేను చెప్పేది వినవు, ఎలా చెప్పానో వింటావు" అంది. కోపంగా అనలేదు. ఎప్పటినుంచో తెలిసిన విషయంలా అంది.

అంతా మంచే జరిగిందని చెప్పను. ఆ ఆరు వారాలు భోజనాల దగ్గర పూర్తిగా ఇంగ్లీషే నడిచింది. మా ఆయనకు తెలుగు రాక కాదు, పిల్లలు ఏ భాషలో అడిగితే ఆ భాషలో జవాబిస్తారు, అంతే. ఒకరోజు ముగ్గురూ నవ్వుకుంటుంటే నేను మెడకు ప్లాస్టరుతో ఎదురుగా కూర్చుని, నాకు మాట వచ్చేసరికి ఈ ఇంట్లో నా భాషకు చోటుండదేమో అని ఏడ్చాను. ఆయనకు రాసి చూపించాను. మర్నాటి నుంచి ఆయన తెలుగులో మొదలుపెడుతున్నారు, రెండు నిమిషాల్లో జారిపోతారు, మళ్ళీ మొదలుపెడతారు.

ఏడో వారంలో గొంతు కొంచెం కొంచెంగా పట్టింది. ఎనిమిదో వారం రక్తపరీక్షలో థైరాక్సిన్ మోతాదు కాస్త తక్కువైందని తేలింది, పెంచారు. ఆ నీరసమంతా ఆపరేషన్ వల్లే అనుకున్నాను, సగం ఆ తక్కువ మోతాదు వల్లేనట. ఇంకో ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష.

దిద్దడం మానేశానని చెప్పలేను, నోటి చివరి దాకా వస్తుంది, ఒక్కోసారి దాటేస్తుంది కూడా. అప్పుడు పాప నా వైపు చూస్తుంది, నేను ఆగుతాను.

మొన్న ఆదివారం అమ్మ ఫోన్ చేస్తే నేనే ఎత్తాను. "ఎలా ఉన్నావమ్మా" అన్నాను, నా గొంతుతో, ఇంచుమించు పాత గొంతుతో. ఎంత సంతోషపడుతుందో అని ఎదురుచూశాను. "బాగుందే నీ గొంతు, బాగా వచ్చేసింది" అని, "సరే, నీతో తర్వాత మాట్లాడతాలే, ముందు వాడికివ్వు" అంది.