పనసపండూ, గజపతి జిల్లా

"పిన్నీ, జిల్లాని కార్వ్ చెయ్యడమేంటి? అది చెక్కకీ మాంసానికీ కదా?"

ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడి. అక్కడ మా వసారాలో పనసపండు కోస్తున్నా. కత్తికి నూనె, చేతులకి నూనె, అయినా జిగురు అంటుకుంటూనే ఉంది. పక్కింటి పిల్ల జీకే పుస్తకం తెచ్చి చూపించింది: గజపతి వాజ్ కార్వ్‌డ్ ఔట్ ఆఫ్ గంజాం. 1992 అక్టోబర్ 2 నాటి సంగతి.

పెద్దదాంట్లోంచి కొంత తీసి కొత్తది చేస్తే కార్వ్ ఔట్ అంటారమ్మా, మిగతాది అలాగే ఉంటుంది అన్నాను. గంజాం ఇప్పటికీ ఉందిగా! అదే డివైడెడ్ ఇంటూ అంటే మొత్తాన్నీ భాగాలు చేసేసినట్టు.

ఎదురుగా పండు ఉండగా పుస్తకమెందుకు? రెండు చెక్కలు చేస్తే కట్ ఇన్ హాఫ్. పీచులోంచి తొన ఊడదీశాను, సెపరేట్ ఫ్రమ్. పిల్లలందరికీ పంచితే డివైడ్ అమంగ్, వాళ్లమ్మకి గిన్నెడు పంపితే షేర్ విత్. లెక్కల్లో మాత్రం డివైడెడ్ బై. స్ప్లిట్‌కి పండు పనికిరాలేదు, పెరట్లో గొడ్డలితో నిలువునా చీల్చిన కట్టె చూపించా. హోటల్ బిల్లు తలా ఇంత వేసుకున్నా స్ప్లిట్టే.

మన పిల్లలకి బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, పైన ఇంగ్లీషు. క్రియ ఒక్కటే బట్టీ పట్టిస్తే వాళ్లకేం అందుతుంది? పక్కనుండే ఇంటూ, ఫ్రమ్, అమంగ్‌లతోనే అర్థం తిరుగుతుంది. రెండూ కలిపే నేర్పాలి, మొదటి రోజు నుంచీ. నేనైతే గట్టిగా అంటాను.

మీ ఇళ్లలో పిల్లలకి ఎలా చెప్తున్నారో రాయండి.