మ్యారీ అంటే పెళ్ళి కాదు

మొదటి అసైన్‌మెంట్ మీద మేడమ్ ఎర్ర పెన్నుతో రాసిన మాట ఇది: "రేపు జరగాల్సిన పెళ్ళి ఆవిడకు బాగా గుర్తుండటం ఏమిటి?"

దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లిష్‌కు కట్టేనాటికి నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. పగలు ఆఫీసు, పిల్లలు పడుకున్నాక షేక్‌స్పియర్. 'రోమియో అండ్ జూలియట్'లో ఒక సీను ఎంచుకుని తెలుగు చేయాలి, ఎక్కడ ఇబ్బంది పడ్డామో నాలుగు పేజీలు రాయాలి. జూలియట్, వాళ్ళమ్మ, దాది మాట్లాడుకునే సీను తీసుకున్నాను. ఇంట్లో ఆడవాళ్ళ కబుర్లే కదా, తేలిగ్గా అయిపోతుందనుకున్నాను.

అందులో దాది జూలియట్ వయసు లెక్కగడుతుంది. లామస్ పండగ ముందు రాత్రికి పిల్లకు పద్నాలుగు నిండుతాయంటుంది. ఆ వెంటనే "దట్ షల్ షీ, మ్యారీ, ఐ రిమెంబర్ ఇట్ వెల్" అంటుంది. నేను చక్కగా "అవును, పెళ్ళి చేసుకుంటుంది, నాకు బాగా గుర్తు" అని రాశాను. రాసేటప్పుడు తేడాగా అనిపించకపోలేదు. రాత్రి పన్నెండు దాటాక ఏదైనా సరిగ్గానే కనిపిస్తుంది.

ఆ మ్యారీ పెళ్ళి కాదు, మేరీ మాత. "మేరీ మాత మీద ఒట్టు" అన్నదే అరిగి అరిగి ఊతపదమైంది. ఇంగ్లండ్ అప్పటికే పోప్ మతాన్ని వదిలేసినా, ఆ తల్లి పేరు మాత్రం జనం నాలుక మీద ఉండిపోయింది. ఈ సంగతి తెలిశాక అదే సీను మళ్ళీ చదివితే ఒళ్ళంతా ఒట్లే. దాది నోరు తెరవడమే పన్నెండేళ్ళ వయసు నాటి తన కన్యత్వం మీద ఒట్టుతో. ఆ తర్వాత శిలువ మీద ఒకటి, పవిత్ర వస్తువుల మీద ఒకటి, మధ్యలో "ఫెయిత్" అంటూ తన విశ్వాసం మీద ఇంకొకటి.

రెండోసారి రాసేటప్పుడు తప్పు అటువైపు చేశాను. ప్రతిదానికీ పూర్తి అర్థం పెట్టేసరికి దాది కబుర్లు చెప్పే ముసలావిడలా కాక కోర్టులో ప్రమాణం చేస్తున్న సాక్షిలా తయారైంది. పోనీ "రామ రామ" అందామంటే, ఇటలీలో ఉన్న ఆవిడ నోట రాముడేమిటని మనసొప్పలేదు.

ఆ వారమే మా అమ్మకు ఫోన్ చేశాను. అమ్మది గోదావరి జిల్లా. పక్కింటి వాళ్ళమ్మాయి సంబంధం గురించి చెబుతోంది. "అయితే కుదిరినట్టేనా?" అన్నాను. "మరే!" అంది. ఒక్క క్షణం నాకు మాట రాలేదు. మ్యారీ, మరే. వింటే అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి, చేసే పనీ ఒకటే: అవతలి వాళ్ళ మాటకు వంత పాడుతూ, మన మాటకు కాస్త ఊపు తెచ్చుకోవడం. రెంటికీ చుట్టరికం ఏమీ లేదు, కాకతాళీయమే. నాకదే చాలు.

కాసేపటికి అదే సీనులో నన్ను భయపెట్టిన వాక్యం కూడా లొంగింది. దాది పెళ్ళి మాట ఎత్తగానే జూలియట్ తల్లి, తాను వచ్చింది ఆ 'మ్యారీ' గురించేనని రెండర్థాల్లో అంటుంది. "మరే, ఆ మనువు మాటే చెబుదామని వచ్చాను" అని రాశాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

రెండో ఏడాది ప్రాజెక్టుకు ఈ ఒట్లనే తీసుకున్నాను. అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. కత్తిపోటు తిన్న రోమియో స్నేహితుడు మెర్క్యూషియో చనిపోతూ "జౌండ్స్! ఒక కుక్క, ఎలుక, చుంచు, పిల్లి, మనిషిని గీరి చంపడమా" అంటాడు. జౌండ్స్ అంటే దేవుడి గాయాలు, అంటే శిలువ మీద క్రీస్తు గాయాలు. 1599 నాటి ప్రతిలో ఈ మాట ఉంది. 1623లో వచ్చిన షేక్‌స్పియర్ నాటకాల సంపుటిలో దాని చోట వట్టి "వాట్". 'ఒథెల్లో'లో కూడా అంతే. 1622 ప్రతిలో అందులోని దుర్మార్గుడు ఇయాగో మొదటి మాటే దేవుడి రక్తం మీద ఒట్టు, మరుసటి ఏడాది సంపుటిలో అది మాయం. స్కాన్ చేసిన పాత పేజీలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. అప్పటి పొడుగు 'ఎస్' అచ్చం 'ఎఫ్'లా ఉంటుంది, 'వి' ఉండాల్సిన చోట 'యు' ఉంటుంది. నా కళ్ళజోడు పవర్ ఆ మూడు నెలల్లోనే పెరిగింది.

ఈ మార్పులకు మూలం 1606లో పార్లమెంటు చేసిన చట్టం. రంగస్థలం మీద దేవుడి పేరు, క్రీస్తు పేరు ఎగతాళిగా వాడితే ఒక్కోసారికి పది పౌండ్ల జరిమానా. 1600 ప్రాంతంలో కొత్త నాటకం రాసిచ్చిన వాడికి అప్పటి నాటకశాల యజమాని హెన్స్‌లో ఖాతాల్లో కనిపించే మొత్తం సాధారణంగా ఆరు పౌండ్లు. జరిమానాలో సగం రాజుకు, సగం దావా వేసినవాడికి. అంటే ప్రేక్షకుల్లో ఎవడో చెవులు రిక్కించుకుని కూర్చోవడానికి కావలసిన ఏర్పాటంతా చట్టంలోనే ఉంది. అయితే ఆ చట్టం వేదిక మీది మాటకే, అచ్చుకు కాదు. 1622 ప్రతిలో ఇయాగో నోరు అలాగే ఉండిపోయిందంటే అందుకే.

నాకు బాగా నచ్చినవాడు హెన్రీ హెర్బర్ట్. నాటకాలు చదివి అనుమతినిచ్చే రాజోద్యోగి. డావనెంట్ రాసిన 'ద విట్స్' నాటకంలో ఫెయిత్, డెత్ (దేవుడి చావు), స్లైట్ (దేవుడి వెలుగు) లాంటివి కొట్టేశాడు. 1634 జనవరిలో ఒకటో చార్లెస్ రాజు తానే ఆ ప్రతి ముందేసుకుని, ఇవి ఒట్లు కావు, మాటను నొక్కి చెప్పడం మాత్రమే అన్నాడు. హెర్బర్ట్ తలొంచాడు. కానీ తన పుస్తకంలో మాత్రం, ప్రభువుల తీర్పుకు కట్టుబడుతున్నాను, నా దృష్టిలో ఇవి ఒట్లే అని రాసిపెట్టుకున్నాడు. ఇలాంటి గుమాస్తాలు మా ఆఫీసులో ఇద్దరున్నారు.

వైవాలో రాజు పక్షమా, హెర్బర్ట్ పక్షమా అని అడిగారు. హెర్బర్ట్ పక్షమే అన్నాను. మా పిల్లలు రోజుకు ఇరవైసార్లు "అమ్మతోడు" అంటారు, వాళ్ళకది ఒట్టు కాదు. మా అమ్మ వింటే మాత్రం ఇప్పటికీ ఉలిక్కిపడి "ఒట్టు తీసి గట్టున పెట్టు" అంటుంది.

అప్పుడు మేడమ్ హాట్‌స్పర్ సంగతేమిటన్నారు. 'నాలుగో హెన్రీ' నాటకం మొదటి భాగంలో ఈ దొర, భార్య "ఇన్ గుడ్ సూత్" (నిజంగా) అని మెత్తగా అన్నందుకు, మిఠాయి కొట్టువాడి పెళ్ళాంలా అదేం ఒట్టు, గొప్పింటి ఆడదానిలా నోరు నిండా వెయ్యి అని దెప్పుతాడు. ఇది నేను తెలుగు చేయలేకపోయాను, ఆ మాటే చెప్పాను. మనవైపు పెద్దింటి ఆడవాళ్ళకు నోరు అదుపులో ఉండాలంటారు. అక్కడ బరువైన ఒట్టు దొరల సొత్తు, చప్పటి ఒట్టు బజారు వాళ్ళది. మాటలు దొరికినా త్రాసు తిరగబడింది.

ప్రాజెక్టు పాసైంది. మెర్క్యూషియో జౌండ్స్ మాత్రం తేలలేదు. "ఛీ" అంటే తేలిక. "నీ దుంపతెగ" అంటే ముద్దు కూడా వినిపిస్తుంది. అమ్మనడిగితే, "చచ్చేవాడు అంత ఆలోచిస్తాడటే?" అంది. నా ప్రతిలో ఆ చోట ఇంకా పెన్సిల్ గీతే ఉంది.