పసుపు రంగు విమానం

ఆదివారం. రాత్రి పది దాటింది.

పర్లాకిమిడిలో నిన్నట్నుంచీ ముసురు. మావాడికి సెలవులని బరంపురం నుంచి అమ్మ దగ్గరికొచ్చి నాలుగు రోజులైంది. ఎక్కడికీ వెళ్ళే వీల్లేక పొద్దున్నే అటక సర్దడానికి ఎక్కాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఆ మూల పెంకులు లేచిపోయి, అటక మీద ఉన్నవన్నీ తడిశాయి. అప్పటి నుంచి ఎవరూ ఎక్కలేదు. చిన్నాన్న పెళ్ళి క్యాసెట్టు బూజు పట్టి, టేపు మీద టేపు అతుక్కుపోయింది. దాన్ని పారెయ్యడానికి మనసు రాక చాలాసేపు చేత్తోనే పట్టుకుని కూర్చున్నాను. దాని పక్కనే మూత గట్టిగా బిగిసిన బిస్కెట్ల డబ్బా. లోపల చుక్క నీళ్ళు చేరలేదు. అందులో ఉంది డిస్కుల పెట్టె. టేల్‌స్పిన్ అనే బొమ్మల సీరియల్, మొదటి సంపుటి.

ఆ పెట్టె అమెరికాలో 2006లో విడుదలైంది. మూడు డిస్కులు, 27 భాగాలు. మరుసటి ఏడాది మా పెద్దమ్మగారబ్బాయి వస్తూ నాకోసం తెచ్చాడు. చిన్నప్పుడు ఆదివారాలు ఇద్దరం కలిసి చూసేవాళ్ళం, అది గుర్తుపెట్టుకున్నాడు. ఆ రోజు ఎంత ఆత్రంగా ప్లేయర్లో పెట్టానో! ఆడలేదు. డీవీడీలు అమ్మడానికి ప్రపంచాన్ని ఆరు ముక్కలు చేశారట. అమెరికాది ఒకటో ముక్క, మనది అయిదోది. అక్కడి డిస్కు ఇక్కడి ప్లేయరు తీసుకోదు. ఒడిశా, ఆంధ్రా సరిహద్దు ఊళ్ళో పుట్టిన దాన్ని, ఆటో దిగితే రేషను కార్డు పనికిరాకపోవడం తెలిసిన దాన్ని, అయినా బొమ్మల డిస్కుకి కూడా ఎల్లలుంటాయని ఊహించలేదు. అలా పదిహేనేళ్ళు దాటిపోయాయి డబ్బాలోనే.

ఇవాళ మావాడు తన లాప్‌టాప్‌కి పాత డీవీడీ డ్రైవు తగిలించాడు, ఎవరో స్నేహితుడిదట. దాన్ని అయిదో ముక్క నుంచి ఒకటో ముక్కకి మార్చుకోవచ్చు, కానీ మొత్తం మీద అయిదుసార్లే. ఆ తరువాత ఎక్కడుంటే అక్కడే బిగుసుకుపోతుంది. ఒకసారి వాడేశాం. వైరు తెచ్చి టీవీకి కలిపాడు. తెరకి రెండు పక్కలా నల్లగా వదిలేసి, మధ్యలో చదరంగా బొమ్మ వచ్చింది. పాత టీవీ కొలత అది.

విమానం పసుపు రంగు.

ఒక్కసారి ఊపిరాగింది. మా ఇంట్లో 1995 ప్రాంతంలో ఉన్నది నలుపు తెలుపు టీవీ. ఆ కథల్లో ఎలుగుబంటి బాలూ నడిపే విమానం సీ డక్‌ని నేను ఏ రంగులోనూ చూడలేదు. నాలుగో తరగతి ఒడియా నోటు పుస్తకం వెనక అట్ట మీద దాన్ని గీసి నీలం రంగు వేశాను. ఆకాశంలో తిరిగేది కదా, నీలంగా ఉంటుందనుకున్నాను. ముప్పై ఏళ్ళు నా తలలో అది నీలంగానే ఎగిరింది. బాలూ చొక్కా కూడా పసుపే. వాడితో తిరిగే ఎలుగుపిల్ల కిట్ స్వెట్టరు ఆకుపచ్చ. మావాడు "ఏమైందమ్మా?" అన్నాడు. వాడికి ఏమని చెప్పను!

మొదటి కథ నాలుగు భాగాలది. కాసేపటికి వాడు అడిగిన ప్రశ్న నేను ఆ వయసులో అడిగినదే. "బాలూ ఉన్నాడు, షేర్‌ఖాన్ ఉన్నాడు. మరి మోగ్లీ ఏడీ?"

మోగ్లీ లేడు. బఘీరా కూడా లేడు. 1967 నాటి జంగిల్ బుక్ సినిమాలోంచి ముగ్గురిని మాత్రం ఏరుకుని, చొక్కాలు తొడిగి, 1990లో ఈ కథల్లోకి తెచ్చారు. బాలూ సరుకులు మోసే విమానం నడుపుతాడు. కోతి లూయీ ఒక దీవిలో హోటలు పెట్టుకున్నాడు. షేర్‌ఖాన్ కోటు, టై కట్టుకుని ఊరంతా కొనేసే వ్యాపారస్తుడు. మాకు అప్పట్లో వీడే పెద్ద వింత. ఎందుకంటే దూరదర్శన్‌లో మేము ముందు చూసింది జపాన్ వాళ్ళు తీసిన మోగ్లీని. అందులో హిందీలో షేర్‌ఖాన్‌కి నానా పాటేకర్ గొంతు. ఆ గొంతు వింటే దుప్పటి కప్పుకునేవాళ్ళం. అంతటివాడు ఇక్కడ కుర్చీలో కూర్చుని, గొంతు పెంచకుండా మాట్లాడతాడు. వేటాడడు, కొంటాడు.

నా ప్రశ్నకి చిన్నాన్న అప్పట్లో ఇచ్చిన జవాబే మావాడికీ చెప్పాను. మోగ్లీ పెద్దవాడై ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. ఇక బాలూకి అడవిలో ఎవరున్నారు? అందుకని తనూ బయటికొచ్చి పని నేర్చుకున్నాడు.

అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ అక్కడే కూర్చుంది. "అంతే కదేటి, ఊర్మిళమ్మ పాటలాగ" అంది.

మా అమ్మమ్మ తిరగలి దగ్గర పాడేదట ఊర్మిళాదేవి నిద్ర. అడవికి వెళ్ళినవాళ్ళ కథ అందరూ చెబుతారు. పద్నాలుగేళ్ళు నిద్రపోయిన ఊర్మిళని, తిరిగొచ్చిన లక్ష్మణుణ్ణి పరాయివాడనుకుని ఆమె చీవాట్లు పెట్టడాన్ని ఆడవాళ్ళు పాటగా కట్టుకున్నారు. పెద్ద కథలో చోటు దొరకని వాళ్ళకి పక్కన ఒక ఇల్లు కట్టడం మనకి కొత్త కాదు. మాయాబజార్‌లో ఉన్న శశిరేఖ పెళ్ళి వ్యాసుడి భారతంలో ఎక్కడుంది? అమ్మ ఆ మాట అంత తేలిగ్గా ఎలా అనేసిందో నాకిప్పటికీ ఆశ్చర్యంగా ఉంది. బాలూని మాత్రం దారిలో చాలానే మార్చేశారు. 1894లో కిప్లింగ్ జంగిల్ బుక్‌లో రాసిన బాలూ పాఠం అప్పజెప్పకపోతే దెబ్బ వేసే పంతులు. ఈ బద్ధకం, ఈ పాటలు సినిమావాళ్ళు ఇచ్చినవి.

మేము ప్రేమించింది ఆ బద్ధకాన్నే. ఎందుకంటే మాకు అచ్చంగా అలాంటివాడే ఇంట్లో ఉన్నాడు.

మాది పిండిమర. నాన్న పోయాక చిన్నాన్న నడిపాడు. కొండల మీంచి సవర గిరిజనులు చోళ్ళ మూటలతో, అంటే రాగులతో, దిగేవారు. ఒడియావాళ్ళు వాటినే మాండియా అనేవారు. చిన్నాన్న మూడు భాషల్లోనూ అందరితో నవ్వుతూ మాట్లాడి, లేనివాళ్ళకి ఊరికే ఆడించి పంపేసేవాడు. నేల మీద పిండి పేరుకుని జారుతుంటే, మమ్మల్ని గోనెసంచి మీద నిలబెట్టి తెగిపోయిన పాత బెల్టుతో మర చుట్టూ లాగేవాడు. కిట్ విమానం వెనక తాడు పట్టుకుని మేఘాల మీద జారతాడే, అలాగ! నౌపడా నుంచి గుణుపూర్ వెళ్ళే చిన్న రైలు అప్పట్లో ఇంకా తిరిగేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, మా ఊరి దాకా 1900 నుంచి ఉంది. పని మానేసి మమ్మల్ని దానిలో నౌపడా దాకా తీసుకెళ్ళి, ఉప్పు మడులు చూపించి తీసుకొచ్చాడు ఒకసారి. ఆ రోజు మర ముందు ఎంతమంది కూర్చుని వెనక్కి పోయారో నేనెప్పుడూ ఆలోచించలేదు.

మోటారు కోసం తీసుకున్న అప్పుకి నోటీసు వచ్చింది. అమ్మ తన మెడలోని బంగారు నాను తాడు అమ్మి కట్టింది. మర్నాటి నుంచి గల్లా దగ్గర అమ్మే. చిన్నాన్నకి వారానికింత అని జీతం. ఊరికే ఆడించడం బంద్.

ఆదివారం పొద్దున్న టీవీకీ మరకీ పడేది కాదు. మోటారు వేస్తే చాలు, కరెంటు తగ్గి తెర మీద బొమ్మ నాలుగు వైపులా కుంచించుకుపోయేది, బాలూ అగ్గిపెట్టెంత అయ్యేవాడు. చిన్నాన్న మా పక్కనే కూర్చుని "అయిపోతాది వదినా, ఇంకొక్క అయిదు నిమిషాలు" అనేవాడు. అమ్మ గుమ్మంలో నిలబడి, "మూడు కోసులు నడిచొచ్చి కూకున్నారు మనుషులు" అని అరిచేది. తెర మీద బాలూ యజమానురాలు రెబెక్కా కన్నింగ్‌హామ్ అరిచేది. మాకు ఇద్దరి మీదా ఒకటే కోపం.

ఒక ఆదివారం బొమ్మ చిన్నదైపోయినప్పుడు నేను లేచి మరలోకి వెళ్ళి అమ్మతో అన్నాను. "నువ్వు రాకముందే బాగుండేది." నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ తక్కెట్లో మూట పెడుతోంది. నా వంక చూసింది, మళ్ళీ మూట వంక చూసింది, తూకం చూసి పుస్తకంలో రాసుకుంది. ఇంకేం జరగలేదు.

ఇవాళ మధ్యాహ్నం చిన్నాన్న వచ్చాడు. పాతపట్నంలో కొడుకు దగ్గర ఉంటాడు, వాన తెరిపిచ్చిందని ఆటో ఎక్కేశాడు. టీవీలో బాలూని చూడగానే "ఓలమ్మ, ఈడింకా ఉన్నాడేటి!" అని అందరికంటే ముందు వరుసలో కూర్చున్నాడు. అమెరికా డిస్కు కదా, హిందీ లేదు. నేను పక్కన తెలుగులో చెబుతూ ఉన్నాను. నా చిన్నప్పటి బాలూ హిందీ గొంతు ఇందులో లేదని కొంచెం బాధేసింది. ఇంగ్లీషు గొంతు బాగానే ఉంది, కానీ అది వేరే ఎవరిదో.

రెబెక్కా వచ్చింది. బల్ల మీద కాగితాలు పెట్టి బాలూని నిలదీస్తోంది.

అమ్మ చేట పక్కన పెట్టింది. "ఎవులే ఆవిడ?"

"యజమాని అమ్మా. బాలూ బాకీ కట్టలేకపోతే ఆ విమానం, ఆ కంపెనీ ఆవిడ కొనుక్కుంది. బాలూ ఇప్పుడు ఆవిడ దగ్గర జీతానికి నడుపుతాడు."

"ఆ పిల్ల?"

"ఆవిడ కూతురే. మాలీ."

"మొగుడేడీ?"

"కథలో ఎక్కడా చెప్పరు."

అమ్మ కాసేపు చూసింది. "మరి ఆవిడ అరవకపోతే ఇంకెవులరుస్తారు?" అంది.

ఈసారి తెలుగులోకి చెప్పడానికి నాకు మాట రాలేదు. మావాడు "తరవాత?" అంటున్నాడు. ఆకాశంలో దోచుకునే డాన్ కార్నేజ్ ముఠా, కిట్ ఎత్తుకొచ్చిన ఆ రాయి, దానికోసం ఊరి మీద దాడి, అవన్నీ ముందుకి పోతున్నాయి. నేను వాటిని చూడ్డం లేదు. ఆవిడ ఒక్కర్తే కనిపిస్తోంది. సరుకు వేళకి చేరిందా, ఇంధనానికి ఎంతైంది, వచ్చే నెల ఎలా. చిన్నప్పుడు ఆవిడ తెర మీదకి రాగానే లేచి మంచినీళ్ళకి వెళ్ళేదాన్ని. ఇవాళ గమనించాను, మొత్తం 65 భాగాలున్న ఆ కథలు జరగాలంటే ప్రతి వారం బాలూకి ఎక్కడికో ఒక సరుకు వెయ్యాలి. ఆ సరుకు తెచ్చేది ఆవిడే. ఆవిడ లేకపోతే విమానం లేవదు. బాలూ మంచివాడు, నేనిప్పటికీ వాడి పక్షమే. కానీ వాడి చేతిలో ఉంచితే ఆ విమానం ఎప్పుడో అమ్ముడైపోయేది. అమ్ముడైపోయింది కూడా.

చిన్నాన్న నెమ్మదిగా అన్నాడు, తెర మీంచి కళ్ళు తియ్యకుండా. "నేనుంటే మర మిగిలేది కాదు గుంటా."

అమ్మ వినిపించుకోనట్టు చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

సాయంత్రం వంటింట్లో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "అమ్మా, ఒకసారి నేను మరలోకొచ్చి ఒక మాటన్నాను, నీకు గుర్తుందా?"

"శానా అన్నారు మీరు" అంది. "వంకాయలు చీలికలు పెద్దవొద్దు, చిన్నాన్నకి పళ్ళు లేవు."

క్షమించమని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. కత్తిపీట దగ్గర కూర్చుని చీలికలు చిన్నవిగానే కోశాను. వేడి వేడి అన్నంలో అమ్మ నాకు ముందు వడ్డించింది, చిన్నాన్నకంటే ముందు. ఎప్పుడూ అలా చెయ్యదు.

పెద్ద మర ఇప్పుడు లేదు. అందరూ పొట్లాల పిండి కొంటున్నారు. ముందు గది మొబైళ్ళ దుకాణానికి అద్దెకిచ్చింది. వెనక వసారాలో చిన్న మోటారు ఉంచుకుని చోళ్ళు, కారం, పసుపు ఆడిస్తుంది. డెబ్భై ఏళ్ళు వచ్చాయి, మానమంటే మానదు. మోటారు వేస్తే ఇప్పుడు టీవీ బొమ్మ చిన్నదవదు, మావాడు అది పరీక్షించి చూశాడు కూడా.

చీకటి పడకముందే చిన్నాన్న బయల్దేరాడు. కోడలు చోడి పిండి తెమ్మందట. అమ్మ సంచి తీసి తూకం వేసింది. రెండు కిలోలు. తక్కెడ ముల్లు నిలబడేదాకా ఆగి, ఇంకో గుప్పెడు వేసి మూతి కట్టింది. చిన్నాన్న జేబులోంచి నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. వద్దనలేదు అమ్మ. లెక్కపెట్టి డబ్బాలో వేసి, మేకుకి వేలాడుతున్న పుస్తకం తీసి, కళ్ళజోడు పెట్టుకుని రాసుకుంది.

"మిగతా డిస్కులెప్పుడు పెడతావే?" అన్నాడు చిన్నాన్న చెప్పులేసుకుంటూ.

"వచ్చే ఆదివారం వరకూ ఉంటుంది లే" అంది అమ్మ, పుస్తకంలోంచి తలెత్తకుండా. "పొద్దున్నే రా. నేను మోటారు పది దాటాకే వేస్తాను."